రెండేళ్ళు దాటితే చాలదమ్మా, వదిలేసి వెళ్ళాడని చూపించాలి

మీ ఆయన ఇల్లు వదిలి మూడేళ్ళయింది, ఫోన్ ఎత్తడు, రెండేళ్ళు దాటింది గనక విడాకులు వాటంతటవే వచ్చేస్తాయని చుట్టాలంటున్నారు, నిజమేనా అని అడిగారు. రావు. మాది రాజమండ్రి. నేనూ ఆ ధీమాతోనే కోర్టు మెట్లెక్కాను, నాలుగేళ్ళు తిరిగాను.

వదిలేసి వెళ్ళడం విడాకులకు ఒక కారణమని హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో ఉంది. పిటిషన్ వేసిన రోజు నుంచి వెనక్కి లెక్కపెడితే రెండేళ్ళు తెగకుండా ఉండాలి. అయితే జడ్జిగారు క్యాలెండరు ఒక్కటే చూడరు. ఇక కాపురం చెయ్యకూడదనే ఉద్దేశంతో, సరైన కారణం లేకుండా, మీకు ఇష్టం లేకుండా వెళ్ళాడా అన్నది చూస్తారు. అది రుజువు చెయ్యాల్సింది మీరే.

నాకు దెబ్బ తగిలింది అక్కడే. క్రాస్‌లో, అంటే బోనులో నన్ను ఎదురు ప్రశ్నలడిగేటప్పుడు, అవతలి ప్లీడరు ఒక కాగితం నా చేతికిచ్చాడు. నా వాట్సాప్ మెసేజీ, రాత్రి 11:40కి పంపింది. "ఇక నా గడప తొక్కావంటే మర్యాద దక్కదు." మీరే పంపారా అన్నాడు. పంపానన్నాను. "అంటే రావద్దన్నది మీరేనన్నమాట" అని కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు.

ఇది కొత్త విషయమేమీ కాదని తర్వాత మా ప్లీడరు చెప్పారు. 1956లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన బిపిన్‌చంద్ర షా కేసులో, భార్య వదిలేసి పోయిందని భర్త విడాకులడిగాడు. ఆమెను పంపొద్దని మామగారికి టెలిగ్రాం కొట్టింది మాత్రం ఆయనే. ఓడిపోయాడు. అప్పుడు టెలిగ్రాం, ఇప్పుడు వాట్సాప్, అంతే తేడా.

నన్ను గట్టెక్కించింది రెండు రిజిస్టర్డ్ ఉత్తరాలు. ఆ మెసేజీ పంపిన నెల తర్వాత, కోపం చల్లారాక, పిల్లాడి బడి సంగతి రాసి ఇంటికి రమ్మని అడిగాను. రెండోది "తీసుకోలేదు" అన్న రాతతో వెనక్కొచ్చింది. దాన్ని విప్పకుండా బీరువాలో పెట్టాను, కోర్టులోనే విప్పారు. మీ దగ్గరా అలాంటి కవరుంటే చించకండి. ఫోన్ మార్చినా పాత మెసేజీలు పోనివ్వకండి, మీకు పనికిరావనిపించినవి కూడా.

ఇంకో తంటా. మా మామగారి పెద్దకర్మకు నేను వెళ్ళాను, పదకొండు రోజులు ఒకే ఇంట్లో ఉన్నాం. మళ్ళీ కాపురం చేశారు గనక రెండేళ్ళు తెగిపోయాయని వాళ్ళ వాదన. నిండా చుట్టాలున్న ఇంట్లో నేను ఆడపడుచుల గదిలో పడుకున్నానని ఆడపడుచే వచ్చి చెప్పింది. ఆవిడకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ముందు సెక్షన్ 9 కింద కాపురానికి రమ్మని కేసు వేసి, డిక్రీ వచ్చాక ఏడాది గడిచినా కలవకపోతే దాని మీద విడాకులు అడగమని మీకూ ఎవరో ఒకరు చెబుతారు. చట్టంలో ఆ దారి ఉంది. నేను ఒప్పుకోలేదు. అతను నిజంగా పెట్టె సర్దుకుని వస్తే ఏం చేస్తాను?

చిరునామా విషయంలో తెలివితేటలు వద్దు. అతను ఉండే చోటు తెలిసీ పాత అడ్రసు ఇచ్చి, ఎక్స్‌పార్టీ తీర్పు, అంటే అతను లేకుండానే ఇచ్చే తీర్పు, తెచ్చుకుంటే, సమన్లు అందలేదని వచ్చి దాన్ని కొట్టేయించుకోగలడు. నిజంగానే ఆచూకీ తెలియకపోతే కోర్టు అనుమతితో పేపరు ప్రకటన ఉంటుంది. కేసు కోసం అతనుండే ఊరికి పరిగెత్తనక్కర్లేదు, 2003 సవరణ తర్వాత భార్య తనుండే చోటే వేసుకోవచ్చు. కేసు నడిచినన్నాళ్ళూ ఖర్చులకు 24వ సెక్షన్ కింద మధ్యంతర మనోవర్తి అడగండి. నేను మొహమాటపడి ఏడాది పోగొట్టుకున్నాను.

ఈ మూడేళ్ళలో ఎప్పుడైనా వచ్చి మీతో ఉన్నాడా అన్నది మీరు రాయలేదు. ఒక్క రాత్రయినా సరే, ఆ సంగతి ముందు మీ ప్లీడరుకు చెప్పండి. పిటిషన్‌లో మీరు రాయకపోతే అతను కోర్టులో వేసే జవాబులో, అదే కౌంటర్‌లో, వస్తుంది.