పోలీసుల లేఖ వస్తే సరిపోతుందా?

ప్రశ్న: ఫోన్ కంపెనీలో నోడల్ అధికారి (ట్యాపింగ్ ఆదేశాలు అందుకునే అధికారి) కింద పనిచేస్తున్నాను. పోలీసుల లేఖ చూసి ఒక నంబరును ట్యాపింగ్‌లో పెట్టాక ఆ లేఖ చెల్లదని తేలితే తప్పు ఎవరిది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లేఖ పంపినవారితోపాటు మీ కంపెనీదీ. 2005లో ఫోన్ కంపెనీ రిలయన్స్ ఇన్ఫోకామ్ అప్పటి సమాజ్‌వాదీ పార్టీ నేత అమర్ సింగ్ ఫోన్‌ను ట్యాప్ చేసింది ఢిల్లీ పోలీసుల పేరిట వచ్చిన దొంగ లేఖతోనే. 2011లో సుప్రీంకోర్టు ఆయన పిటిషన్ కొట్టేస్తూనే కంపెనీకీ చురక వేసింది: అన్ని తప్పులున్న లేఖ చూస్తే అనుమానం రావద్దా, సరిచూసుకోవద్దా అని.

ముందు సంతకం చూడండి. రాష్ట్రంలో ఆదేశం ఇవ్వాల్సింది హోంశాఖ కార్యదర్శి. అత్యవసరమైతే, ట్యాపింగ్‌కు అధికారమున్న సంస్థ అధిపతి గానీ, ఆయన తర్వాతి స్థానంలోని అధికారి గానీ ఇవ్వొచ్చు; ఆయన హోదా ఐజీకి తగ్గకూడదు. ఆ అత్యవసర ఆదేశానికి 7 పనిదినాల్లో హోంశాఖ కార్యదర్శి ధ్రువీకరణ రాకపోతే ట్యాపింగ్ ఆపేయాలి. ఎస్పీ సంతకం, వాట్సాప్ ఫొటో, 'కాగితం రేపు పంపిస్తాం' అనే ఫోన్ కాల్, ఇవేవీ ఆదేశాలు కావు. నిర్ధారణకు లేఖ మీదున్న నంబరుకు కాదు, మీ రికార్డులో ముందునుంచీ ఉన్న నంబరుకు చేయండి. దొంగ లేఖలో నంబరూ దొంగదే ఉంటుంది కదా!

ఎక్కువగా జారిపోయేది గడువు. ఆదేశం 60 రోజులకే. పొడిగించినా మొత్తం 180 దాటకూడదు. పొడిగింపు రాకుండా 61వ రోజు ట్యాపింగ్ ఆపకపోతే అంతవరకూ సక్రమమైనదే అక్రమమవుతుంది. 2023 టెలికాం చట్టం 42వ సెక్షన్ ప్రకారం అక్రమ ట్యాపింగ్‌కు మూడేళ్ల వరకు జైలు, లేదా 2 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.