దశాంశాల దగ్గర ఆగిపోతే లెక్కలు వదిలేయాల్సిందేనా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. ఉద్యోగాల కోసం ఆప్టిట్యూడ్ పరీక్షలు రాస్తోంది. 0.375 లాంటి దశాంశాన్ని భిన్నంగా మార్చి సూక్ష్మీకరించాల్సి వస్తే టెన్షన్ పడి అక్కడే ఆగిపోతోంది. లెక్కలతో పనిలేని ఉద్యోగాలు చూసుకోమని చెప్పమంటారా? – ఒక తల్లి

జవాబు: అప్పుడే అంత మాట అనకండమ్మా. చాలామందికి చిక్కు మార్చడంలో ఉండదు, కొట్టివేతలో ఉంటుంది. 0.375 అంటే 375/1000 అని టక్కున రాసేస్తారు. ఆ తర్వాత 3తో పోతుందా, 7తో పోతుందా అని వెతుకుతూ కూర్చుంటారు. టైమంతా అక్కడే పోతుంది.

నిజానికి వెతకాల్సిన పనే లేదు. హారం 10, 100, 1000 ఏదైనా సరే, దాన్ని భాగించే ప్రధాన సంఖ్యలు 2, 5 మాత్రమే. అందుకని లవం చివరి అంకె చూస్తే చాలు. సరి అంకె అయితే 2తో, 5 అయితే 5తో కొట్టేయాలి. 375/1000 కాస్తా 75/200, తర్వాత 15/40, ఆపైన 3/8 అవుతుంది. 3 రెండుతోనూ పోదు, ఐదుతోనూ పోదు కాబట్టి పని అయిపోయింది. 0.117 ఇస్తే ఇంకా సులువు. 117 చివర 7 ఉంది, కాబట్టి 117/1000 అన్నదే తుది జవాబు. 117 మూడుతో పోతుంది కదా అని ఆశపడతారు, కానీ 1000 పోదుగా!

అంకెలు తిరిగి తిరిగి వచ్చే దశాంశాల సంగతి వేరు. 0.2727... ను x అనుకుంటే 100x = 27.2727... అవుతుంది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే 99x = 27. అంటే x = 27/99, అంటే 3/11. ఇక్కడ హారం 99 కాబట్టి 3, 11లతో చూడాలి. ఆ చుక్కలు గమనించకపోతే జవాబు 27/100 అనిపిస్తుంది. తొందరలో జరిగే పొరపాటు ఎక్కువగా ఇదే.

కాలిక్యులేటర్ ఉందిగా అని మీ అమ్మాయి అనొచ్చు. 640లో 37.5 శాతం ఎంత అని అడిగితే, అది 3/8 అని తెలిసినవాళ్లకు 80 మూళ్లు 240 అని నోటితోనే వచ్చేస్తుంది. అందుకే 1/8 అంటే 0.125, 5/8 అంటే 0.625, 7/8 అంటే 0.875, 1/16 అంటే 0.0625, 1/6 అంటే 0.1666... ఇవి ఎక్కాల్లా నోటికి రావాలి. బట్టీ పట్టడం నాకూ పెద్దగా నచ్చదు కానీ, ఈ నాలుగైదింటికి మినహాయింపు ఇస్తాను.

ఇక ఉద్యోగాల మాట. డ్రాయింగ్‌లో 0.375 అంగుళాలు అని ఉంటే 3/8 డ్రిల్ బిట్ తీయాలని మెషిన్ షాపులో పనిచేసేవాళ్లకు తెలియాలి. ప్రోగ్రామింగ్‌లోనూ ఇదే తగులుతుంది. చాలా భాషల్లో 0.1కి 0.2 కలిపితే కంప్యూటర్ 0.30000000000000004 అని చూపిస్తుంది. 1/10 హారంలో 5 ఉంది, కంప్యూటర్ లెక్కేమో రెండ్లతోనే నడుస్తుంది. అందుకే 0.1ని కచ్చితంగా నిల్వ చేసుకోలేదు. పైన చెప్పిన 2, 5 సంగతే ఇక్కడ ఇంకో రూపంలో ఎదురైంది.

రెండు వారాల పాటు రోజుకు పది లెక్కలు, ప్రతి మెట్టూ కాగితం మీద రాస్తూ చేయమనండి. అప్పటికీ ఆగిపోతుంటే ఎక్కడ ఆగుతోందో పక్కన కూర్చుని చూడండి. 2తో, 5తో భాగించడంలోనే తడబడుతుంటే ముందు ఎక్కాలు సరిచేసుకోవాలి, దశాంశాలు ఆ తర్వాత. ఏ ఉద్యోగం చేయాలని ఉందో మాత్రం ఆమెనే అడగండి. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.