గొంతు చెప్పేదొకటి, గూఫీ చేసేదొకటి

ప్రశ్న: డిస్నీ వాళ్ళ పాత గూఫీ కార్టూన్లు మా పాపకి ప్రాణం. ఈత కొట్టడం ఎలా, గుర్రం ఎక్కడం ఎలా అంటూ వెనకనుంచి ఒకాయన పాఠం చెబుతుంటాడు. గూఫీ మాత్రం దాదాపు నోరు విప్పడు, చేసేవన్నీ తప్పులే. ఎందుకలా తీశారు? పిల్లలకి తప్పుడు పద్ధతి అలవాటవదా?

జవాబు: గూఫీకి మాటలు తగ్గడానికి ఒక మామూలు కారణం ఉందండి. ఆ పాత్రకి గొంతు ఇచ్చిన పింటో కాల్విగ్ 1930ల చివర్లో స్టూడియో వదిలి వెళ్ళిపోయారు. పాత్రకి అప్పటికే మంచి పేరుంది, మాట్లాడించడానికే మనిషి లేడు. దర్శకుడు జాక్ కిన్నీ తీసిన ఈ పాఠాల కార్టూన్లలో మాటల బరువంతా వ్యాఖ్యాత జాన్ మెక్‌లీష్ మోశారు.

వీటిలో మొదటిది 'హౌ టు రైడ్ ఎ హార్స్'. 1941లో 'ది రిలక్టెంట్ డ్రాగన్' అనే పెద్ద సినిమాలో ఒక భాగంగా వచ్చింది. అదే సినిమాలో డిస్నీ స్టూడియో అంతా తిరిగి చూసే అతిథిగా నటించింది రాబర్ట్ బెంచ్లీ. నిద్రపోవడం ఎలాగో సీరియస్‌గా వివరిస్తూ 1935లో ఆయన నటించిన లఘుచిత్రానికి ఆస్కార్ వచ్చింది. ఈ తరహా హాస్యానికి ఆయనే దారి వేశారని నా నమ్మకం.

ఇక మెక్‌లీష్ గొంతు. పాపతో కూర్చుని ఈసారి బొమ్మ చూడకుండా ఆ గొంతు ఒక్కటే వినండి. ఎక్కడా నవ్వు ఉండదు, తొందర ఉండదు. పెద్ద సభలో ప్రొఫెసర్ ఉపన్యాసం చదువుతున్నట్టే ఉంటుంది. గూఫీ కింద పడ్డ సంగతి ఆయన దాకా చేరినట్టే అనిపించదు. ఆయన గొంతులో ఒక్కసారి నవ్వు తొంగిచూసినా మన నవ్వు అక్కడితో ఆగిపోయేది.

1942లో వచ్చిన 'హౌ టు స్విమ్'లో గూఫీ నీళ్ళ జోలికి పోకుండా పియానో స్టూల్ మీద బోర్లా పడుకుని చేతులూ కాళ్ళూ ఆడిస్తాడు. మొహంలో ఎంత శ్రద్ధో చూడండి! వేళాకోళం చేద్దామని కాదు, చెప్పింది చెప్పినట్టు చేద్దామనే అతని తాపత్రయం. అందుకే గూఫీని చూసి నవ్వుతాం కానీ చులకన చేయం. పిల్లల గురించి భయపడకండి. పక్కనే సరైన పద్ధతి వినిపిస్తూ ఉంటుంది కాబట్టి గూఫీ ఎక్కడ తప్పాడో వాళ్ళే ముందు పట్టేస్తారు. పైగా ఆ తప్పు కంటికి ఆనేలా గీయాలంటే, గీసేవాడికి సరైన భంగిమ క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. బొమ్మలు నేర్చుకునే వాళ్ళకి నేను ఈ కార్టూన్లు ఒక్కో ఫ్రేమ్ ఆపి చూడమని చెప్పేది ఇందుకే.

అన్నట్టు, కింద పడేటప్పుడు గూఫీ పెట్టే ఆ పొడుగాటి కేక 1941 నాటి 'ది ఆర్ట్ ఆఫ్ స్కీయింగ్'లోది. అది హానెస్ ష్రోల్ అనే ఆస్ట్రియా స్కీయర్ గొంతు.

ప్రశ్న: నిజంగా నేర్పడానికే తీసిన కార్టూన్లు ఉన్నాయా?

జవాబు: బోలెడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో డిస్నీ స్టూడియో విమానాల తయారీలో రేకుల్ని కలిపి బిగించే రివెట్లు కొట్టే నాలుగు పద్ధతుల మీద కూడా ఒకటి తీసింది. అందులో నవ్వులేమీ లేవు. నాకు ఇష్టమైనవి మాత్రం వార్నర్ బ్రదర్స్ వాళ్ళు 1943 నుంచి 1945 దాకా అమెరికా సైనికుల కోసం తీసిన 'ప్రైవేట్ స్నాఫూ' కార్టూన్లు. 'స్పైస్' అనే దానిలో స్నాఫూ తన దగ్గరున్న రహస్యాన్ని ఎవరికీ పూర్తిగా చెప్పడు. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క వదిలేస్తాడు. శత్రువులు ఆ ముక్కలన్నీ అతికించుకుంటారు. రహస్యం ఎలా జారిపోతుందో ఇంతకన్నా బాగా చెప్పిన పాఠం నేను చూడలేదు.

ప్రశ్న: గూఫీలో ముందు ఏది చూడాలి?

జవాబు: పెద్దవాళ్ళయితే 1950 నాటి 'మోటార్ మేనియా'. ఇందులో గూఫీయే మిస్టర్ వాకర్. చీమని కూడా తొక్కని ఆ మనిషి స్టీరింగ్ పట్టుకోగానే కోరలు బయటపెట్టి మిస్టర్ వీలర్ అయిపోతాడు. పిల్లలకయితే గుర్రం, ఆ తర్వాత ఈత. 'హాకీ హోమిసైడ్' లాంటి టీమ్ ఆటలవి ఇప్పుడే వద్దు. సరదాగానే ఉంటాయి కానీ ఆ గందరగోళంలో పాఠం కొట్టుకుపోతుంది.