ఫోన్ వీడియోలతో ఆరోగ్యం విషయంలో జనం తీరు మారుతుందా?

మారుతుంది. అయితే చెప్పేది ఎవరన్నదే అసలు సంగతి.

2020 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లో సుమారు 2.5 కోట్ల మందికి ఎస్ఎంఎస్‌లో ఒక లింక్ వెళ్ళింది. తెరిస్తే రెండున్నర నిమిషాల వీడియో. మాట్లాడింది నోబెల్ గ్రహీత అభిజిత్ బెనర్జీ, అదీ బెంగాలీలో. జ్వరం, దగ్గు ఉంటే ఆశా కార్యకర్తకు చెప్పండి, చేతులు కడుక్కోండి, దూరం పాటించండి అన్న ధోరణిలో సాగింది. పోలిక కోసం కొన్ని ప్రాంతాల వాళ్ళకు మామూలు ప్రభుత్వ సమాచారం లింకే పంపారు. వీడియో వెళ్ళిన చోట్ల లక్షణాలను ఆరోగ్య కార్యకర్తలకు చెప్పడం దాదాపు రెట్టింపైంది. నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటి: ఆ ఊళ్ళలో మెసేజ్ అందనివాళ్ళలోనూ ఇంచుమించు అదే మార్పు కనబడింది. అంటే మాట ఫోన్‌లోనే ఆగిపోలేదు.

అదే ఏడాది అమెరికాలో థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ పండగలకు ముందు, ప్రయాణాలు మానుకోమని డాక్టర్లు, నర్సులు రికార్డు చేసిన చిన్న వీడియోలను ఫేస్‌బుక్ ప్రకటనలుగా చూపారు. ఎక్కువగా చూపిన పిన్‌కోడ్‌లలో కరోనా కేసులు మిగతా చోట్లతో పోలిస్తే 3.5 శాతం తగ్గాయి. తక్కువే అనిపిస్తుంది గానీ లక్షల మంది ఉన్నచోట అది చాలా పెద్ద లెక్క.

ఇవి అలవాట్ల మీద వచ్చిన ఫలితాలు. నమ్మకం కుదరడానికి మాత్రం ఇంకా టైమ్ పడుతుంది. ఉదాహరణకు, టీకా వేస్తే ఒకట్రెండు రోజులు జ్వరం రావచ్చని ముందే చెప్పాలి. దాచిపెడితే, జ్వరం వచ్చిన రోజే వాట్సాప్ పుకారు గెలుస్తుంది.