గొలుసు తాకట్టు పెట్టి రీళ్లు బూస్ట్ చేయాలా?

ప్రశ్న: మాది నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట. రెండేళ్లుగా ఇంట్లోనే రొయ్యల పచ్చడి, చేపల పచ్చడి పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. నెలకు 130 ఆర్డర్లు వస్తాయి, అందులో యాభై దాకా పాత కస్టమర్లవి. ఒక్కో ఆర్డరు సగటున 700 రూపాయలు. సరుకు, ప్యాకింగ్, కొరియర్ పోను 28 శాతం మిగులుతుంది. రీళ్లు బూస్ట్ చేయడానికి, అంటే ఇన్‌స్టాగ్రామ్‌కు డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించడానికి, నెలకు 12,000 క్రెడిట్ కార్డు మీద పెడుతున్నాను. కార్డు బాకీ 86,000 అయింది, మినిమమ్ మాత్రం కడుతున్నాను. మావారు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజరు. ఇంటి ఖర్చు 32,000. బ్యాంకులో 22,000 ఉన్నాయి. సంక్రాంతికి అమ్మకాలు మూడింతలు చేయాలని నా ఆశ. ఫుడ్ వీడియోలు చేసే ఒకాయన రెండు రీళ్లకు లక్షన్నర అడుగుతున్నారు. నా గొలుసు, గాజులు పెడితే ఫైనాన్స్‌ వాళ్లు రూపాయిన్నర వడ్డీకి మూడు లక్షలు ఇస్తామన్నారు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దమ్మా. చీరలు, ఫ్యాన్సీ నగలు, కారప్పొడులు, కేకులు ఇంట్లోంచే అమ్ముకునేవాళ్లు చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు, అందుకే మీ ప్రశ్నను ఎంచుకున్నాను. ప్రకటనలకు అప్పు చేసి, దాన్ని పెట్టుబడి అనుకుంటున్నారు. అప్పు చేసి గ్రైండరు కొంటే, వ్యాపారం ఆపేసిన రోజున కూడా గ్రైండరు మిగిలి ఉంటుంది, సగం ధరకైనా పోతుంది. బూస్ట్ అయిపోయిన రీలును ఎవరు కొంటారు?

మీ లెక్కే మీకు చెబుతాను. 700 ఆర్డరు మీద మిగిలేది 196. 12,000 బూస్టింగ్‌కు 18 శాతం జీఎస్టీ కలిపితే 14,160. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ పన్ను తిరిగి రాదు. పాతవాళ్ల యాభై ఆర్డర్లకు బూస్టింగ్‌తో పనిలేదు, పచ్చడి అయిపోతే వాళ్లే వాట్సాప్‌లో అడుగుతారు. అంటే ఈ 14,160 తెచ్చింది ఎనభై ఆర్డర్లు. ఒక్కోదానికి 177 ప్రకటనకే పోయింది, మీ చేతికొచ్చింది 19 రూపాయలు. ఎనభైకీ కలిపి 1,520. ఇందుకోసమా నెలంతా పొయ్యి దగ్గర నిలబడుతున్నారు? ఒక్క క్యాష్ ఆన్ డెలివరీ పార్శిల్ తిరిగొచ్చిందంటే పది ఆర్డర్ల మిగులు కొరియర్‌కే చెల్లు. ఇక కార్డు సంగతి. నెలకు మూడున్నర శాతం వడ్డీ, ఆ వడ్డీ మీద జీఎస్టీ వేసుకుంటే 3,500 దాటుతుంది. బూస్టింగ్ మిగిల్చినదానికి రెట్టింపు పైమాటే.

ఇంత జరుగుతుంటే ఇంకో మూడు లక్షలా? వడ్డీయే నెలకు 4,500. అసలు తిరిగి రావాలంటేనే 1,530 కొత్త ఆర్డర్లు కావాలి. ఇప్పుడు మీరు ఏడాది పొడుగునా చేస్తున్నవన్నీ కలిపితే అంత. కార్తీకమాసంలో రొయ్యల పచ్చడి ఎంతమంది అడుగుతారో మీకే బాగా తెలుసు. ఫైనాన్స్ వడ్డీకి కార్తీకం ఉండదు.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మాత్రం 86,000 కాదు, ఆ 22,000. అది మీ ఇంటికి ఇరవై రోజుల ఖర్చు. మావారి జీతం ఉందిగా అంటారేమో, అదీ రొయ్యల జీతమే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువుల దగ్గర, ప్లాంట్లలో ఎంత గుబులు పుట్టిందో ఆయన్నే అడగండి. రొయ్య ధర పడితే మీ సరుకు చవకవుతుంది, నిజమే. ఆయనకు షిఫ్టులు తగ్గితే ఆ చవక ఏ మూలకు?

మీ కొట్టు ఉన్న చోటు కూడా మీది కాదు. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు దాన్నే నమ్ముకున్నవాళ్ల ఫాలోవర్లు ఒక్క దెబ్బతో పోయారు. 2021 అక్టోబరు 4న ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలు మూగబోయాయి. ఆ నవంబరులోనే పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి వారం మళ్లీ వస్తే మీరు పంపిన సీసాలు ఎక్కడో గోడౌన్‌లో ఉంటాయి, కార్డు బిల్లు మాత్రం ఠంచనుగా ఫోనుకే వస్తుంది.

కాబట్టి సంక్రాంతి లక్ష్యాన్ని పక్కనపెట్టి ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 1,92,000, కూడబెట్టడం మొదలుపెట్టండి. వ్యాపారానికి ఒక నెల సరుకు డబ్బు దీంట్లో కలపకుండా విడిగా ఉంచుకోండి. ఈ సొమ్ము వేరే బ్యాంకు ఖాతాలో స్వీప్ ఎఫ్‌డీగా (ఖాతాలో ఎక్కువైన డబ్బు దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మారే పద్ధతి) ఉండనివ్వండి, దానికి యూపీఐ తగిలించకండి. ఇప్పుడున్న 22,000 దీనికి తొలి మెట్టు. కార్డు బాకీకి కూడా దాన్ని ముట్టుకోవద్దు.

బంగారం కుదువ పెట్టక తప్పదంటే, ఆ 86,000 వరకే, అదీ బ్యాంకులోనే పెట్టండి. ఏడాదికి పది శాతం వడ్డీ అనుకున్నా నెలకు 717 రూపాయలు. ఆ డబ్బుతో కార్డు పూర్తిగా తీర్చి, ప్రకటనల ఖాతాలోంచి దాన్ని తీసేయండి. బూస్టింగ్‌కు యూపీఐతో ముందుగా డబ్బు వేసుకునే పద్ధతి పెట్టుకోండి, నెలకు 3,000 దాటకూడదు. కొత్త ఆర్డర్లు ఇరవైకి పడిపోయాయనే అనుకుందాం. 70 ఆర్డర్ల మీద 13,720, ప్రకటనకు 3,540, వడ్డీకి 717 తీసేస్తే 9,463 మిగులుతుంది. ఇవాళ 130 ఆర్డర్లు చేసి, కార్డు వడ్డీ పోను మీకు మిగులుతున్నది 7,800 లోపే. ఖాతాలో 32,000 అయ్యేదాకా మొత్తం అందులోకే వేయండి, ఆ తర్వాత సగం గొలుసు విడిపించడానికి.

పెంచాల్సింది ఆ యాభైమంది పాతవాళ్లను. సీసా మీద మీ వాట్సాప్ నంబరు ఉందా? నంబరు సేవ్ చేసుకోమని ప్రతి పార్శిల్‌లో చీటీ వేయండి, సేవ్ చేసుకోనివాళ్లకు బ్రాడ్‌కాస్ట్ మెసేజీ, అంటే ఒకేసారి అందరికీ పంపే మెసేజీ, చేరదు. ఒక్కో లిస్టులో 256 మంది పడతారు, మీకు ఇప్పటికి అంతే చాలు. కొత్త బ్యాచ్ పెట్టిన రోజు ఒక ఫొటో, ధర, ఎన్ని సీసాలు ఉన్నాయో రాసి పంపండి. బూస్ట్ చేసే ఆ కాస్త డబ్బుకూ వ్యూస్ కాకుండా మెసేజీలు వచ్చే ఆప్షన్ ఎంచుకోండి. వ్యూస్ చూసి కొరియర్‌వాడు డబ్బులివ్వడు.

ముద్ర, డ్వాక్రా రుణాలు కూడా ఉన్నాయి. సీలింగ్ మిషనుకో ఫ్రిజ్‌కో తీసుకోండి, రీళ్లకు కాదు. ప్లాంటు వాళ్లిచ్చే ఆరోగ్య బీమా ఉంటే అది ఉద్యోగంతోపాటే పోతుంది. సొంత పాలసీ సంగతి ఇంట్లో మాట్లాడుకోండి.

లక్షన్నర అడిగిన ఆయనకు ముందుగా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ఆయన పేరుతో ఒక కూపన్ కోడ్ పెట్టి, దాని మీద అమ్ముడైన సీసాకు నలభయ్యో యాభయ్యో ఇస్తామని చెప్పండి. ఒప్పుకుంటే రీలు చేయించుకోండి, లేదంటే వదిలేయండి.