కోడలి కెమెరా గురించి, డబ్బు కట్టకముందే ఒక మాట

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేశాడు. కోడలి పుట్టినరోజుకు లక్షన్నర పెట్టి పెద్ద కెమెరా కొంటున్నావట, ఆమెకు తెలియకుండా దాచి ఇస్తావట, డిసెంబరులో ఇద్దరూ మేఘాలయ పోతున్నారట. విని ఎంత సంబరపడ్డానో. మన ఇంట్లో ఒక మగపిల్లవాడు భార్య ఇష్టాన్ని గుర్తుపెట్టుకుని బోనస్ డబ్బు దానికోసం తీసి పెట్టాడంటే, మీ తాత ఉంటే వాడకట్టంతా చెప్పుకునేవాడు. కానీ ఫోన్ పెట్టేసేముందు మీ బాపు ఇంకో మాట కూడా అన్నాడు. పెళ్లికి ముందు వాళ్ల నాన్న కొనిచ్చిన చిన్న కెమెరా ఒకటి ఆమె దగ్గరుంది కదా, దాన్ని బీరువాలోంచి తీసి ఎక్స్చేంజ్‌లో ఇచ్చేద్దామని చూస్తున్నావట. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఛాయ్ కూడా తాగకుండా ఇది రాస్తున్నాను.

హన్మకొండ చౌరస్తా దగ్గర ముప్పై ఏళ్లు స్టూడియో నడిపిన చిన్నాయనను ఒక్క మాట అడగాలనిపించలేదా నీకు? యూట్యూబ్‌లో పది వీడియోలు చూసి నిర్ణయం తీసేసుకున్నావు. సరే, కోపం అయిపోయింది. ఇక విను.

అందరికీ తెలిసినవి ముందు చెప్పేస్తాను. బిల్లు తీసుకో, బిల్లు మీది సీరియల్ నంబరు, డబ్బా మీదిది, కెమెరా అడుగున ఉన్నది మూడూ ఒకటేనా చూసుకో. మన దేశంలో చెల్లే వారంటీ కార్డు లేకుండా తక్కువ ధరకు ఇస్తామంటే ముట్టుకోకు. సెకండ్ హ్యాండ్ అయితే షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడుగు. ఒక బ్యాటరీ, ఒక కార్డు అదనంగా కొను. విమానంలో పోయేటప్పుడు విడి బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టుకో, లగేజీలో వెయ్యనివ్వరు.

ఇప్పుడు అసలు సంగతి. ఏ కెమెరా మంచిది అని దుకాణంలో అడిగేముందు, కోడలి ఫోన్‌లో ఫొటోలు చూడు. దొంగతనంగా కాదు, పక్కన కూర్చుని ఆమెతోనే చూపించుకో. కిందటి దసరాకు వచ్చినప్పుడు నాకు చూపించింది కదా, నాకు బాగా యాదున్నది. రామప్ప గుడి మొత్తం కనిపించే ఫొటో ఆమె ఒక్కటి కూడా తీయలేదు. చూరు కింద నల్లరాతి మదనిక శిల్పాల్లో ఒకదాని కాలి చెప్పు తీసింది. గుడి ముందు పల్లీలు అమ్మే అవ్వ చేతులు తీసింది. లక్నవరంలో అందరూ వేలాడే వంతెన తీస్తుంటే, ఆమె పడవ నడిపే అతని టిఫిన్ డబ్బా తీసింది. అంటే నీ భార్యకు దగ్గరి వస్తువులు, మనుషులు, చిన్న చిన్న ముక్కలు ఇష్టం. దూరాన కొమ్మ మీది పిట్టను తీసే మనిషి అయితే పొడుగు జూమ్ లెన్స్ కావాలి. ఈమెకు అక్కర్లేదు. నువ్వు కొంటానన్న సెట్టులో ఆ పొడుగు లెన్స్ కోసమే సగం డబ్బు పోతోంది.

రామప్పలాంటి గుళ్లలో కష్టం వేరే ఉంది. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది, ఎంత దూరం నుంచో వచ్చి ఫొటోలు తీసుకుంటారు, కానీ లోపలి మండపంలోకి అడుగుపెట్టగానే వెలుతురు సగానికి సగం పడిపోతుంది. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ జూమ్ చేసినకొద్దీ కన్ను చిన్నది చేసుకుంటుంది, అప్పుడు వెలుతురు చాలక కెమెరా ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే గుణం, పెంచుకుంటుంది, ఫొటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు. ఫ్లాష్ వేస్తే ఆ నున్నటి రాయి అద్దంలా మెరిసి శిల్పం చచ్చిపోతుంది. కాబట్టి కిట్ లెన్స్‌కు తోడు కన్ను పెద్దగా తెరుచుకునే 35 ఎంఎం ఎఫ్ 1.8 ప్రైమ్ లెన్స్ ఒకటి కొను. చిన్న సెన్సర్, అదే ఏపీఎస్‌సీ అంటారే, దాని మీద అది మన కంటి చూపుకు దగ్గరగా ఉంటుంది. జూమ్ ఉండదు, కావాలంటే తనే రెండడుగులు ముందుకు వేస్తుంది. చెయ్యి వణుకుడు తట్టుకునే స్టెబిలైజేషన్ కెమెరాలోనే ఉంటే ఇంకా మంచిది, కాకపోతే అది రాయిని తీసేటప్పుడే పనికొస్తుంది, కదిలే మనిషిని ఆపలేదు.

ఇక బరువు. ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ ఉన్న కెమెరాకు మంచి 24-70 లెన్స్ తగిలిస్తే కిలోన్నర. లోపల అద్దం లేని, అదే మిర్రర్‌లెస్ అంటారే, ఆ చిన్న ఏపీఎస్‌సీ కెమెరా, కిట్ లెన్స్‌తో సహా అరకిలో. మేఘాలయలో నోంగ్రియాట్ దగ్గర చెట్ల వేళ్లతో అల్లిన వంతెనకు పోతారట కదా, మూడు వేలకు పైగా మెట్లు దిగాలి, దిగినవన్నీ మళ్లీ ఎక్కాలి. ఒక పని చెయ్యి. సంచిలో కిలోన్నర చింతపండు వేసి మెడకు తగిలించుకుని పద్మాక్షి గుట్ట ఎక్కి దిగు. నువ్వు ఎక్కు, ఆమెను ఎక్కించకు. తర్వాత ఆలోచించు. ఫుల్ ఫ్రేమ్ గొప్పదే, చీకట్లో చిన్న సెన్సర్ కన్నా బాగా తీస్తుంది, కాదనను. కానీ హోటల్ గదిలో మంచం మీద వదిలేసి పోయిన కెమెరా ఎంత గొప్పదైనా ఆ రోజుకు ఒక్క ఫొటో ఇవ్వదు.

నేను ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో నీకు తెలియదు. మీ బాపుకు కూడా తెలియదు. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

మీ చిన్నమ్మకు ఫొటోలంటే ఎంత ఇష్టమో మీ పిల్లలెవరూ చూడలేదు. పెళ్లయిన కొత్తలో స్టూడియోలో కూర్చునేది, నెగెటివ్‌లు వెలుతురుకు పట్టి చూసేది. తర్వాత కొడాక్ కేబీ 10 అని చిన్న ప్లాస్టిక్ కెమెరా వస్తే ఒకటి తెచ్చిచ్చాను. ఫోకస్ తిప్పే పని లేదు, వెలుతురు కొలిచే మీటర్ లేదు, చూసి నొక్కడమే. దాన్ని పర్సులో వేసుకుని ఎక్కడికైనా పోయేది. రీలు కడిగితే ముప్పై ఆరింట్లో పది మసకగా వచ్చేవి, ఐదింట్లో వేలు అడ్డం ఉండేది. నేను రోజంతా పెళ్లిళ్ల ఫొటోలు తీసేవాణ్ణి, నా ఇంట్లో ఇట్లాంటి ఫొటోలా అని నాకు చిన్నతనంగా ఉండేది. 1997 డిసెంబరులో హైదరాబాద్ కోఠిలో పెంటాక్స్ కె1000 కొన్నాను, ఆమెకు చెప్పకుండా, నువ్వు ఇప్పుడు చేస్తున్నట్టే. ఇనుప ముక్కలాంటి కెమెరా. లెన్స్‌తో కలిపి ముప్పావు కిలోకు పైనే. ఫోకస్ చేత్తో తిప్పాలి, లోపల సూది మధ్యలోకి వచ్చేదాకా వెలుతురు సరిచూసుకోవాలి. నాకు అదంటే ప్రాణం. ఆమెకూ అట్లనే ఉంటుందనుకున్నాను. ఇక చిన్నది ఎందుకులే అని కేబీ 10 తీసి కరీంనగర్‌లో ఉన్న మా బామ్మర్దికి ఇచ్చేశాను. ఆమెను అడగలేదు.

1998 ఫిబ్రవరిలో మేడారం జాతర. మా అత్తమ్మ తన కంటి ఆపరేషన్ మంచిగైతే నిలువెత్తు బంగారం, అంటే తన బరువంత బెల్లం, ఇస్తానని సమ్మక్క తల్లికి మొక్కుకుంది. జంపన్నవాగులో స్నానాలు చేసి వచ్చాం. బెల్లం తూకానికి తక్కెడ మీద కూర్చోబెడితే, అవతల ముద్ద మీద ముద్ద పెడుతుంటే అత్తమ్మ చూసి, "ఓయమ్మో, నేనింత బరువున్ననా" అని బిడ్డను చూసి పగలబడి నవ్వుతోంది. మీ చిన్నమ్మ కెమెరా ఎత్తింది. నేను పక్కనే నిలబడ్డాను. సూది చూడు, ఎండ ఎక్కువుంది, ఇంకా తిప్పు, ఫోకస్ రాలేదు, తొందరగా, అంటూనే ఉన్నాను. ఆమె చెయ్యి వణికింది. ఇటు తే అని కెమెరా చేతిలోంచి గుంజుకుని నేనే తీశాను.

ఆ ఫొటో ఇప్పటికీ ఆల్బంలో ఉంది. బెల్లం మీది ఈగ కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చింది. కానీ కెమెరా అల్లుడి చేతిలోకి రాగానే అత్తమ్మ నవ్వు ఆపి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, తల దించుకుంది. ఫొటోలో ఉన్నది అల్లుడి ముందు కూర్చున్న అత్త. బిడ్డను చూసి నవ్విన తల్లి అందులో లేదు. 2001లో అత్తమ్మ పోయింది. మీ చిన్నమ్మ దేవుడి అరలో పెట్టుకున్నది ఆ ఫొటో కాదు, అంతకుముందు కేబీ 10తో తీసిన ఇంకోటి. చింతచిగురు ఏరుతూ అత్తమ్మ నవ్వుతున్నది, నుదురు సగం తెగిపోయింది, ఒక మూలన మీ చిన్నమ్మ వేలు ఎర్రగా అడ్డం పడింది. పండగకొకసారి దాని మీది దుమ్ము తుడుస్తుంది.

మేడారం నుంచి వచ్చాక ఆమె మళ్లీ కెమెరా పట్టలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. ఎప్పుడైనా తియ్యరాదా అంటే, "నీ అంత మంచిగ రాదు, నువ్వే తియ్యి" అనేది. నాలుగైదు వానాకాలాలు పోయాక బీరువాలోంచి పెంటాక్స్ తీసి లెన్స్ వెలుతురుకు పట్టి చూస్తే, లోపలి గాజు మీద సాలెగూడులా తెల్లటి ఫంగస్ పోగులు. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే స్టూడియోవాడి ఇంట్లో.

మన వరంగల్ నుంచే భరత్ భూషణ్ గారు బతుకమ్మను, మన పల్లెల్ని ఏళ్ల తరబడి ఫొటోలు తీశారు. 2022లో పోయారు. ఆ ఫొటోల్లో ఆడవాళ్లు ఎవరి పనిలో వాళ్లున్నట్టే ఉంటారు, కెమెరా కోసం సర్దుకోరు. అవి చూసినప్పుడల్లా నాకు ఆ తక్కెడే యాదికొస్తుంది. కోడలి ముందు కూడా మనుషులు అట్లనే ఉంటారు, చూశావా? ఆ పల్లీల అవ్వ ఆమెను చూసి చేతులు దాచుకోలేదు. అది ఆమెకు ఉన్న వరం. పెద్ద లెన్స్ ముఖం మీదికి పెడితే అవ్వ సర్దుకుని కూర్చుంటుంది.

కాబట్టి దాచి ఇవ్వడం మానుకో. పుట్టినరోజు నాడు దుకాణానికి తీసుకుపో, అదే బహుమతి. నాలుగు కెమెరాలు చేతికి ఇప్పించు. చిటికెన వేలు పట్టు కింద నిలుస్తోందా, జారిపోతోందా, బొటనవేలికి బటన్లు అందుతున్నాయా, కళ్లజోడుతో వ్యూఫైండర్‌లో నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా, ఇవన్నీ ఆమె చెప్పాలి. నువ్వు రెండు గజాలు దూరంగా నిలబడు. సేల్స్‌మన్ నీతోనే మాట్లాడతాడు, వాడేది ఆమె అని మొదటే చెప్పు. కొన్నాక నెల రోజులు కెమెరాను ఆటో మోడ్‌లో పెట్టుకుని తీసుకోనివ్వు. అడిగితే చెప్పు, అడగకపోతే నోరు మూసుకో, నీకు పుణ్యముంటుంది.

ఫంగస్ సంగతి మర్చిపోకు. తోలు కవరులో పెట్టి బీరువాలో బట్టల మధ్య దాచొద్దు, నాఫ్తలీన్ ఉండల పక్కన అసలు వద్దు. గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు ఉంటే చాలు. తేమ నలభై, యాభై శాతం మధ్య ఉండాలి, అరవై దాటితే ఫంగస్ మొదలైనట్టే. వారానికోసారి తీసి వాడితే అంతకన్నా మందు లేదు. మేఘాలయ చలిలో బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, విడి బ్యాటరీని లోపలి జేబులో పెట్టుకో. చలిలోంచి వెచ్చటి గదిలోకి రాగానే కెమెరా బయటికి తియ్యొద్దు, అరగంట సంచిలోనే ఉంచాలి, లేదంటే గాజు మీద చెమ్మ పడుతుంది. దుమ్ములో లెన్స్ మార్చొద్దు, ముఖ్యంగా జాతరలో. తప్పదంటే కెమెరా ఆపి, మూతి కిందికి తిప్పి మార్చాలి.

ఇంకొకటి, దీనికి మాత్రం నన్ను పిచ్చివాడనుకున్నా ఫర్వాలేదు. ఒకసారి పాకాల చెరువు కట్ట మీద ఫొటో తీస్తూ ఒక కొత్త జంటను ఇంకో రెండడుగులు వెనక్కి జరగమన్నాను. పెళ్లికొడుకు కాలు పాచిరాయి మీద పడి నీళ్లలోకి జారాడు. లోతు లేదు, మోకాలు పగిలింది అంతే. కానీ ఆ వెనక్కి పడే క్షణంలో ఆ పిల్ల ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. కుంటాల జలపాతం దగ్గర ప్రాణాలు పోయాయని ఎన్నిసార్లు పేపర్లో చదవలేదు మనం? కన్ను కెమెరాలో పెట్టిన మనిషికి కింద నేల కనబడదు. జలపాతం దగ్గర, లోయ అంచున, ఆమె ఫొటో తీస్తుంటే నువ్వు ఆమె వెనకే నిలబడు. నీ ఫోన్ జేబులో పెట్టు. పట్టీ మెడలో ఉందా చూడు, ఒక చెయ్యి ఆమె సంచి పట్టీ మీద ఉంచు. పైలం బిడ్డా. మీరిద్దరూ మంచిగ తిరిగి రావాలి, ఫొటోలు ఎట్లున్నా సరే.

డబ్బు మిగిలితే మిగలనివ్వు. వచ్చే ఏడు ఆమే చెప్తుంది ఏ లెన్స్ కావాలో.

ఇది రాస్తుంటే మీ చిన్నమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మేడారం ముచ్చట దాకా చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. లేచిపోతూ, "ఆ పిల్ల పాత కెమెరాను మాత్రం ఇయ్యనియ్యకు" అంది. ఇంకా దుకాణానికి తీసుకుపోలేదు కదా? ఇవాళే దాన్ని చార్జింగ్ పెట్టి, ఎక్కడినుంచి తీశావో అక్కడే పెట్టెయ్. పెట్టాక నాకు ఫోన్ చెయ్యి.

మీ చిన్నాయన