కప్పలు తగ్గిపోతే నిజంగా నష్టం ఉందా?

చాలా ఉంది. కప్ప ఒక్క జన్మలోనే రెండు పనులు చేస్తుంది. తోక ఉన్న చిరుకప్పగా చెరువులో నాచు తింటుంది, పెద్దదై గట్టెక్కాక పురుగులను తింటుంది. పాములకూ కొంగలకూ అదే ఆహారం. అలా నీటిలోని పోషకాలు నేల మీది ప్రాణులకు చేరతాయి.

మన దేశం ఒకప్పుడు కప్పల కాళ్లను అమెరికాకు, యూరప్‌కు ఎగుమతి చేసేది. పొలాల్లో పురుగుల బెడద గురించీ, కప్పలను చంపే తీరులోని క్రూరత్వం గురించీ ఆందోళన పెరిగాక 1987లో ప్రభుత్వం ఆ వ్యాపారాన్ని నిషేధించింది. ఆలస్యమైనా మంచి నిర్ణయమే.

ఇప్పటి ముప్పు వేరు. కప్ప చర్మంతోనూ ఊపిరి పీలుస్తుంది, నీటినీ దాని ద్వారానే గ్రహిస్తుంది. కాబట్టి నీటిలో కలిసిన పురుగుమందు తేలిగ్గా లోపలికి వెళ్తుంది. కైట్రిడ్ అనే శిలీంధ్రం సోకితే ఒంట్లోని లవణాల సమతుల్యత దెబ్బతిని గుండె ఆగిపోవచ్చు. 2023లో వెలువడిన ప్రపంచ అంచనా ప్రకారం కప్పల వంటి ఉభయచరాల్లో సుమారు 41 శాతం జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. పక్షులు, క్షీరదాల కంటే ఇది చాలా ఎక్కువ.

ఉభయచరాలంటే కప్పలు మాత్రమే కాదు. పడమటి కనుమల తడినేలలో కాళ్లు లేని సిసీలియన్లూ ఉన్నాయి. వాటిని చాలామంది పాములనుకుని చంపేస్తున్నారు.